అంతు చూస్తానన్న మాట

న్యాయశాస్త్రం నా విషయం కాదు. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా ఒక లేబర్ కోర్టు తీర్పును గురించీ, దాన్ని కొట్టివేసిన హైకోర్టు తీర్పును గురించీ వ్రాయడానికి పూనుకుంటున్నాను. ఆ రెండు తీర్పులూ ఒకే ఒక్క తెలుగు వాక్యం మీద నడిచినవి. ఆ వాక్యాన్ని ఇంగ్లీషు చేసినవాణ్ణి నేను.

2011 నాటికి నా ఎమ్.ఏ. పూర్తయి ఏడాది దాటింది. ఉద్యోగం లేదు. ట్యుటోరియల్‌లో గంటల లెక్కన పాఠాలు చెప్పేవాణ్ణి. మా ఉత్తరాంధ్ర పట్నంలో ఒక మిల్లు వుంది. ఆ మిల్లు యాజమాన్యం తరఫున వాదించే ప్లీడరుగారు తెలుగు కాగితాలను ఇంగ్లీషు చేయడానికి పేజీకి 20 రూపాయలు ఇచ్చేవారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కాని నాకు డబ్బు కావాలి, ఆయనకు కాగితాలు కావాలి.

ఆ కాగితాల్లో ఒక ఎంక్వయిరీ వుంది. స్పిన్నింగు ఖాతాలో పదహారేళ్లుగా పనిచేస్తున్న ఒక మనిషి, కూతురికి జ్వరంగా వుందని సెలవడిగాడు. సూపర్‌వైజరు ఇవ్వలేదు. మాటా మాటా పెరిగింది. అతను అన్నమాట సాక్షుల వాఙ్మూలంలో ఉన్నదున్నట్టుగా దిగింది: “ఏటి బాబూ, మేం మనుసులం కామేటి? గేటు బైటికి రా, నీ అంతు సూత్తాను.”

చార్జిషీటు ఇచ్చారు, మిల్లులోనే ఎంక్వయిరీ జరిపారు, నెల తిరక్కుండా తీసివేశారు. నేను చేసిన ఇంగ్లీషులో ఆ చివరి ముక్క, తిరిగి తెలుగులో చెబితే, “నిన్ను అంతం చేస్తాను” అన్న వాక్యమయింది. మొదటి ప్రశ్నను ఉంచాను గాని ‘బాబూ’ను వదిలేశాను. దానికి నాకు ఇంగ్లీషు మాట దొరకలేదు. ‘అయ్యా’ అన్న అర్థం వచ్చే మాట వేద్దామా అనుకున్నాను. కాని ఆ మాటా, ఆ తరువాతి బెదిరింపూ ఒకే వాక్యంలో పొసగవనిపించింది. ఇంగ్లీషు వాక్యం నున్నగా రావాలని తెలుగు మనిషిని చెక్కేశాను.

‘అంతు’ అన్నమాటను కొంచెం విచారించవలసి వుంది. అది అంతము నుంచి వచ్చిందే. నిఘంటువు ముందు పెట్టుకుంటే నా అనువాదం తప్పని ఎవరూ అనలేరు. కాని మాట బ్రతికేది నిఘంటువులో కాదు. లోతు తెలియని నుయ్యికి అంతు లేదంటాం. విషయం బోధపడకపోతే అంతు చిక్కలేదంటాం. పాలు విరగ్గొట్టిన కోడలితో అత్తగారు అంతు చూస్తానంటుంది, పరీక్ష తప్పిన కొడుకుతో తండ్రి అంటాడు, రిక్షావాడు రిక్షావాడితో అంటాడు. ఇన్ని అంతులు చూసిన దేశంలో జనాభా ఈపాటికి సగం కావలసింది. నేను ఏటేటా కన్యాశుల్కం పాఠం చెబుతాను. అగ్నిహోత్రావధానులు కోపంలో అనే మాటలన్నిటికీ చార్జిషీటు ఇవ్వవలసివస్తే నాటకం రెండవ అంకం దాటదు. ఆ మాటలకు పిల్లలు నవ్వుతారు, ఎందుకంటే వాళ్లు మనిషి గొంతు వింటున్నారు. 2011లో నేను ఆ గొంతు వినలేదు. కాగితం చదివాను.

మన చట్టంలో ఈ సంగతికి ఒక చరిత్ర వుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం క్రింద, మొదట్లో, యజమాని వేసిన శిక్ష తగినదా కాదా అని తూచే అధికారం ట్రిబ్యునళ్ళకు లేదు. యాజమాన్యం దురుద్దేశంతో చేసిందా, కక్ష సాధించిందా, సహజన్యాయాన్ని ఉల్లంఘించిందా, ఆధారమే లేకుండా నిర్ణయించిందా - ఇవి మాత్రమే చూడాలని 1958లో ఇండియన్ ఐరన్ అండ్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు గిరి గీసింది. తప్పు రుజువయితే ఇక ఉద్యోగం తీయడమా, జీతం కోయడమా అన్నది దొరగారి చిత్తం. 1963లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, తొలగించబడ్డ కార్మికుడు ఒక తటస్థ సంస్థకు మొరపెట్టుకోగలగాలని సిఫారసు చేసింది. ఆ తరువాత 1971లో మన చట్టంలో 11-ఎ సెక్షను చేరింది. లేబర్ కోర్టు సాక్ష్యాన్ని తానే తిరిగి తూచి, శిక్ష ఎక్కువనిపిస్తే తగ్గించి, మనిషిని పనిలో పెట్టించవచ్చు. 1947 చట్టం స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అందులోనూ ఈ అధికారం ట్రిబ్యునలుకు వుంది.

అయితే లేబర్ కోర్టు పైన హైకోర్టు వుంది. అప్పీలు లేదు గాని రిట్ వుంది. రిట్‌లో హైకోర్టు సాక్ష్యాన్ని మళ్ళీ తూచకూడదు, పైకి కనబడే న్యాయదోషాన్ని మాత్రమే సరిదిద్దాలి. ఇది సూత్రం. అమెరికాలో 1960లో ఉక్కు కార్మికుల సంఘం గెలిచిన మూడు కేసుల్లో అక్కడి సుప్రీంకోర్టు ఇంచుమించు ఇదే అన్నది: మధ్యవర్తికి కర్మాగారపు వాడుకలు తెలుసు, జడ్జీకి తెలియవు, కాబట్టి మధ్యవర్తి తీర్పు మంచిదా కాదా అని కోర్టు తూచరాదని.

మా మిల్లు మనిషి కేసు లేబర్ కోర్టులో మూడేళ్ళు నడిచింది. సూపర్‌వైజరును యూనియన్ ప్లీడరు ప్రశ్నించాడు. ఆనాటి సాయంత్రం ఇంటికి ఎలా వెళ్ళారని అడిగితే, ఎప్పటిలాగే గేటు నుంచే, సైకిలు మీద, ఒంటరిగా వెళ్ళానన్నాడట. భయం వేయలేదా అంటే, “వాడు అలాగే అంటాడండీ” అన్నాడట. ఈ జవాబు రికార్డులో ఇంగ్లీషులో ఒక పొడి వాక్యంగా వుంది. కాని జడ్జీగారు దాన్ని తెలుగులో విన్నారు. ఆ ముఖం చూశారు. 2014లో తీర్పు వచ్చింది: మాట తప్పే, శిక్ష మరీ ఎక్కువ, రెండు ఇంక్రిమెంట్లు కోసి, పాత జీతం ఇవ్వకుండా, పనిలోకి తీసుకోవాలి.

మిల్లు రిట్ వేసింది, తీర్పు అమలు నిలిచింది. 17-బి సెక్షను ప్రకారం, వేరే ఉద్యోగం లేదని అతను అఫిడవిట్ పెట్టాక, రిట్ తేలేదాకా చివరి జీతం నెలనెలా ఇవ్వవలసి వచ్చింది. 2017లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు లేబర్ కోర్టు తీర్పును కొట్టివేసింది. పై అధికారి ప్రాణం తీస్తానన్న మనిషిని తిరిగి పనిలో పెట్టమనడం అస్థానంలో చూపిన జాలి అని దాని సారాంశం.

ఆ తీర్పు కాగితాలు పట్టుకొని అతను నా దగ్గరికే వచ్చాడు. నేనప్పటికి లెక్చరరునయ్యాను. ఇంగ్లీషు కాగితాలు చదివిపెడతానని వీధిలో నాకు పేరు వుంది. “ఇందులో ఏటుందో సదివి సెప్పండి బాబూ” అన్నాడు. ఆరో పేజీలో, కొటేషను గుర్తుల మధ్య, నా వాక్యం వుంది. నా మాటల వరుస, నేను ‘బాబూ’ను తీసేసిన చోటు. దాన్ని నేనే అతనికి తిరిగి తెలుగు చేసి చెప్పవలసి వచ్చింది. విని, “నానలాగ అన్నేదు బాబూ” అన్నాడు. అవునన్నాను. అంతకుమించి ఆ రోజు నేనేమీ చెప్పలేదు.

హైకోర్టు జడ్జీగారిని నిందించి ఈ వ్యాసాన్ని తేలిక చేసుకోను. ఆయన ముందున్నది నా వాక్యం. దాన్ని చదివినవాడెవడైనా భయపడతాడు. పైగా ఆయన వెనుక 2005 నాటి మహీంద్రా అండ్ మహీంద్రా కేసు వుంది. అందులో పై అధికారిని బూతులు తిట్టిన కార్మికుడిని లేబర్ కోర్టు తిరిగి పనిలో పెట్టమంటే, 11-ఎ సెక్షను ఇచ్చిన విచక్షణకు హద్దులున్నాయంటూ సుప్రీంకోర్టు కాదన్నది. ఇదే సుప్రీంకోర్టు 1984లో డెల్టన్ కేబుల్ కేసులో తిట్టిన నేరానికి ఉద్యోగం తీయడం మితిమీరిన శిక్ష అన్నది. 1982లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మరో కేసులో జస్టిస్ డి.ఏ. దేశాయి ఇంకా లోతుకు వెళ్ళారు. మాటలో బెదిరింపు ధ్వనించిందనడం విన్నవాడి అభిప్రాయం, ఒక్కొక్కరి గొంతు ఎత్తుపల్లాలు ఒక్కొక్క తీరు, వెనుకా ముందూ ఏ చెడు నడతా లేకుండా ఒకసారి నోరు జారినందుకు ఉద్యోగం పోకూడదు అని ఆయన భావం. గొంతును గురించి ఆలోచించిన న్యాయమూర్తి ఆయన. సాహిత్య విద్యార్థులం ఆ తీర్పును చదవదగినది.

కాని ఆ తీర్పుతోనూ నాకొక పేచీ వుంది. అలాంటి భాష సంస్కారం లేమిని చూపవచ్చునని అందులో ఒక ఒప్పుకోలు వున్నది. ఎవరి సంస్కారం? “రేపటినుంచి నువ్వు రానక్కరలేదు” అన్న వాక్యంలో ఒక్క దుష్టాక్షరం లేదు. మెత్తగా, ఫైలు లోంచి తల ఎత్తకుండా అనవచ్చు. దానితో ఒక ఇంటి పొయ్యి ఆరిపోతుంది. ఆడకూలీతో మేస్త్రీ ఒంటరిగా గుసగుసగా అనేమాట ఏ సాక్షికీ వినపడదు. నిజమైన బెదిరింపుకు కేక అక్కరలేదు. దాని వెనుక చెయ్యగల అధికారం వుంటే చాలు. యజమాని బెదిరింపును చట్టం బొత్తిగా ఎరగదనను. యూనియనులో చేరితే పని తీసేస్తానని భయపెట్టడం అనుచితమని 1947 చట్టం అయిదవ షెడ్యూలు చెప్పింది. తక్కిన బెదిరింపులన్నిటికీ పరిపాలన అని పేరు.

దీనికి ఒక మిత్రుడు, కార్మికుడు ఏమన్నా చెల్లుతుందా అని నన్నడిగాడు. చెల్లదు. కత్తి పట్టుకుని దారి కాచినవాడి మాట వేరు, తోటి కార్మికురాలిని వెంటాడి భయపెట్టినవాడి మాట వేరు. ఆ తేడా తేల్చవలసిన పని ఎవరిదన్నదే నా ప్రశ్న. గొంతు విన్నవాడు తేల్చిన దానిని, కాగితం మాత్రమే చూసినవాడు తిరగవేయడానికి చాలా సందేహించాలి. కాగితం ఒక భాషలోంచి మరో భాషలోకి మారి వచ్చినదయితే మరీ సందేహించాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం బడులతో, పండితులతో పోరాడారు. కోర్టు గుమ్మం దగ్గర ఆ పోరాటం ఇంకా ఆగివుంది.

రిట్ అప్పీలు వేశారు. నా అనువాదం తప్పని అఫిడవిట్ ఇస్తానని యూనియన్ ప్లీడరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలాసేపు నావైపు చూసి, తెలుగు వాఙ్మూలం మొదటినుంచీ ఫైల్లోనే వుందనీ, దాన్ని ఎవరూ తిప్పి చూడలేదనీ, ఈ దశలో కొత్త కాగితం చేర్చడం కష్టమనీ అన్నారు. అప్పీలు విచారణకు రాకముందే, 2019లో, మిల్లు ఏదో కొంత మొత్తం ఇస్తానన్నది. కూతురి పెళ్ళి దగ్గర పడింది. అతను సంతకం పెట్టాడు.

ఆ పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు, ఆరో పేజీలోని వాక్యం నేను వ్రాసిందేనని చెప్పాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కాసేపు శుభలేఖల కట్ట సర్దుకున్నాడు.

“ఎంతిచ్చీవోరు బాబూ?” అన్నాడు.

“పేజీకి ఇరవై రూపాయలు.”

“మొత్తం ఎన్ని పేజీలు?”

“పదకొండు.”

వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. భోజనాలు పదకొండు గంటలకే మొదలవుతాయని, తప్పకుండా రమ్మని చెప్పి వెళ్ళాడు.