మా హాలు కిటికీకి పరదాలు

హాలు కిటికీకి పరదాలు కొనడం ఎంతసేపు పని చెప్పండి? బజారుకు వెళ్లి, రంగు చూసి, బేరమాడి, సంచీలో వేసుకుని రావడమే కదా అనుకున్నాను నేను. మాకు పదకొండు నెలలు పట్టింది. మధ్యలో మా మామయ్య రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. పరదాలకీ ఆసుపత్రికీ సంబంధమేమిటంటారా? అదే చెబుతున్నాను.

మాది మంచిర్యాల. మామయ్య బొగ్గుబాయిలో ముప్పై నాలుగేండ్లు పనిచేసి 2009లో రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి ఈ ఇల్లు కట్టుకున్నాం. మా వారిది కూడా బాయి పనే, శ్రీరాంపూర్ వైపు. ఒక వారం ఫస్టు షిఫ్టు, ఒక వారం సెకండు, ఒక వారం నైటు. అత్తమ్మ పోయి ఆరేండ్లయింది.

హాలు కిటికీ పడమటి వైపు, రోడ్డు మీదికి ఉంటుంది. ఆరడుగుల వెడల్పు. గాలి బాగా వస్తుందని ఇల్లు కట్టేటప్పుడు నేనే పట్టుబట్టి పెద్దది పెట్టించాను. మా ఊరి మే నెల సంగతి తెలిసినవాళ్లు నవ్వుకుంటారేమో! నలభై అయిదు డిగ్రీలు దాటే రోజులు మాకేమీ వింత కాదు. గోదావరి పక్కనే ఉందన్న మాటే గానీ ఆ ఎండకు ఏ నదీ అడ్డం రాదు. దానికి తోడు బొగ్గు లారీల దుమ్ము. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు.

నైటు షిఫ్టు వారం మా వారు పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరి, ఇంత తిని పడుకుంటారు. కూలరు హాల్లోనే ఉండేది కాబట్టి పడక కూడా హాల్లోనే. కళ్ల మీద వెలుగు పడితే ఆయనకు నిద్ర రాదు. నిద్ర లేకుండా బాయిలోకి దిగే మనిషిని చూస్తే ఇంట్లో ఆడదానికి ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? అందుకే ఆ ఏప్రిల్‌లో బజారుకు వెళ్లి రెడీమేడ్ పరదాలు తెచ్చేశాను. మెరూన్ రంగు పాలిస్టరు, మందంగా, పైన స్టీలు రింగులు. వేలాడదీసి లాగితే పట్టపగలు హాలు సినిమా హాలైపోయింది. నేను మురిసిపోయాను. వదినను పిలిచి మరీ చూపించాను.

మామయ్య మాత్రం వచ్చి ఒక రెక్క పక్కకు జరిపారు. నేను మళ్లీ మూశాను. ఆయన మళ్లీ తీశారు. మూడో రోజు మా వారు నిద్రలోంచి లేచి విసుక్కున్నారు. "బాపూ, జెర పడుకోనియ్యవా?" అన్నారు. అంతే. మామయ్య మారుమాట్లాడలేదు. మరునాటి నుంచి కుర్చీ తీసుకుని బయట వేపచెట్టు కింద కూర్చోవడం మొదలుపెట్టారు. చెట్టు నీడే కదా అని నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, గొడవ తప్పిందని లోపల సంతోషించాను కూడా. మే నెల వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి చాయ్ ఇద్దామని బయటకు వెళ్లేసరికి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ కనిపించారు. వడదెబ్బ. సెలైన్లు ఎక్కించి రెండు రోజుల తర్వాత ఇంటికి పంపించారు.

ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం ఆయన పక్కన కూర్చుని అడిగాను, "చెప్పొచ్చు గద మామా, ఎందుకు బయట కూసున్నవ్?" అని.

"బాయిల దిగినంక పొద్దువొడిచిందో పొద్దుగూకిందో ఎర్క లేకుండె బిడ్డా. ముప్పై నాలుగేండ్లు గట్లనే గడిచిపాయె. ఇప్పుడు ఇంట్ల గూడ గట్లనే ఉంటె ఎట్ల?" అన్నారు. కాసేపాగి, ఇంకో మాట అన్నారు. "మీ అత్తమ్మ కిడికీ కాడ కూసోని నాకోసం సూస్తుండె. ఇప్పుడు పోరని కోసం నేను సూడొద్దా?"

ఇన్నేండ్లుగా ఆయన రోడ్డు చూస్తూ పొద్దు పుచ్చుతున్నారనుకున్నాను నేను. షిఫ్టు దిగి వచ్చే కొడుకు బండి కోసం చూస్తున్నారని నాకు తట్టనే లేదు.

ఆ రాత్రి ఎంత ఆలోచించినా నాకు ఒకటే అనిపించింది. ఒకే కిటికీ ఇద్దరి పనీ చేయలేదు. మెరూన్ పరదాలు విప్పి, కత్తిరించి, వెనక చిన్నగదికి కుట్టించాను. ఆ గదికి ఉన్నది రెండున్నర అడుగుల కిటికీ. కూలరునూ, మా వారి పడకనూ అక్కడికే మార్చాను. ఇంత చిన్న ఉపాయం ముందే ఎందుకు తట్టలేదో! వచ్చిన చుట్టాలు చూసే హాలు మీదే ఉంది నా బుద్ధంతా.

ఇక హాలుకు ఏం వేయాలి? ఈసారి తొందరపడలేదు. మొదట పట్టు మీద మనసు పోయింది. చెన్నూరు వైపు మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టు చూశారా? ఆ తేనె రంగు ఏ అద్దకానికీ రాదు. కానీ పట్టు ఎండకు తట్టుకోదు, నారలు బలం పోయి చీలికలవుతుంది. పడమటి కిటికీకి పట్టు కట్టడమంటే కట్టెలపొయ్యి ముందు పట్టుచీర కట్టుకుని కూర్చోవడమే. తర్వాత పోచంపల్లి నూలు చూశాను. దాంట్లో నాకు నచ్చిందేమిటంటే, నేయకముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి బొమ్మ రెండువైపులా కనిపిస్తుంది. అచ్చు వేసిన బట్టయితే రోడ్డు మీది వాళ్లకు వెలిసిన వెనకవైపే కనిపిస్తుంది కదా. అయితే ఆరడుగుల కిటికీకి లెక్క వేసేసరికి నా పర్సు వద్దంది. చివరికి చారల నేత ఉన్న మామూలు నూలు బట్టే ఖాయం చేశాను. చారలు కూడా నేతలోనే వస్తాయి కాబట్టి ఇటు చూసినా అటు చూసినా ఒక్కటే.

రంగు మామయ్యనే ఎంచమన్నాను. తెల్లది మా దుమ్ముకు నిలవదు, ముదురు రంగు ఎండకు మడతమడతకూ ఒక తీరుగా వెలిసిపోతుంది. ఆయన ఐబీ చౌరస్తా దగ్గర దుకాణంలో ట్యూబులైటు కింద ఒక్క తానూ చూడలేదు. బట్ట చెంగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండకు ఎత్తి చూశారు. దుకాణం అబ్బాయి విసుక్కుంటున్నా సరే! పండిన జొన్నకంకి రంగు, సన్నటి గోధుమ చారలు. "గిదైతె ఎల్తురు ఆగది, ఎండ ఆగుతది" అన్నారు. మీరు కూడా పరదా బట్టను అట్లాగే చూడండి. దుకాణం దీపం కింద చూసిన రంగు ఇంటికొచ్చాక ఉండదు.

ఇప్పుడు కొలత. మొదటిసారి నేను కిటికీ ఎంత ఉంటే అంతే కొన్నాను. లాగితే నున్నగా దుప్పటిలా సాగి, అంచుల్లోంచి ఎండ కారేది. ఈసారి కడ్డీని కిటికీకి అటు ఆరంగుళాలూ ఇటు ఆరంగుళాలూ బయటికి, నాలుగంగుళాలు పైకి పెట్టించాం. అంటే ఏడడుగుల కడ్డీ. కుచ్చిళ్లు నిండుగా రావాలంటే దానికి రెట్టింపు వెడల్పు కావాలి, పద్నాలుగడుగులు. బట్ట పన్నా నలభై ఎనిమిది అంగుళాలు. కాబట్టి నాలుగు ముక్కలు, పక్కకు రెండేసి. పొడవు సంగతి చూస్తే, కిటికీ నాలుగున్నర అడుగులు, పైన నాలుగంగుళాలు, కింద గూటు దాటి ఆరంగుళాలు, పైనా కిందా మడతలకు పదంగుళాలు, నూలు కుంచించుకుపోతుంది కాబట్టి ఇంకో నాలుగు. ముక్కకు రెండు మీటర్ల లెక్కన ఎనిమిది మీటర్లు సరిపోయాయి. నేలదాకా వదలాలని మా వదిన చెప్పింది గానీ, రోజుకు రెండుసార్లు ఊడ్చే ఇంట్లో అంత పొడవు నాకు అక్కర్లేదు.

కుట్టించే ముందు బట్టను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయడం మరిచిపోకండి సుమా. కుట్టాక ఉతికితే పొట్టి లంగాలా పైకి లేస్తుంది.

ఇంకొక ముక్క. లోపల ఎంత మందం పరదా కట్టినా, అద్దం దాటి వచ్చిన వేడి ఇంట్లోకి వచ్చినట్టే. దాన్ని బయటే ఆపాలి. అందుకే సజ్జకు ఒక వెదురు తెర కట్టించాం, తాడుతో చుట్టి పైకి లేపేది. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటి నుంచి దించుతాం. బద్దల సందుల్లోంచి మామయ్యకు రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. ఈ మే నెలలో ఆయన ఒక్కరోజు కూడా వేపచెట్టు కిందికి పోలేదు. కుర్చీ కిటికీ పక్కనే.

సెకండు షిఫ్టు వారం మా వారు ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండున్నర, పన్నెండు. రాత్రి హాల్లో దీపం వేస్తే రోడ్డు మీదికి ఇల్లంతా కనిపిస్తుంది కదా, చీకటి పడగానే నేను పరదాలు మూసేస్తాను. మామయ్య కాదనరు. కుడి పక్క అంచు మాత్రం రెండు వేళ్లతో కొంచెం జరిపి పట్టుకుని కూర్చుంటారు. బండి చప్పుడు వినబడ్డాక వదిలేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లి పడుకుంటారు.

నెలకొకసారి పరదాలు ఉతుకుతాను. నాలుగు ముక్కల్లో ఆ కుడి పక్క అంచు ఒక్కటే మిగతావాటికంటే ముందు మాసిపోతుంది. అక్కడ ఇంకాస్త సబ్బు రుద్దుతాను.