టొరాంటోలో పేకాట

టొరాంటో వెళ్ళివచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ కనబడిన ప్రతివారూ నయాగరా జలపాతం ఎలా ఉందని అడుగుతున్నారు. అది ఆ ఊరికి సుమారు 130 కిలోమీటర్లు. మూడు వారాలు ఉండి కూడా నేను చూడలేదు. ఆసుపత్రి గదిలో మా బావ బొమ్మబంతి దొర్లిస్తూంటే చూస్తూ కూచున్నాను.

2024 జనవరిలో బావకి పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు రక్తనాళం ఒకటి పూడుకుపోయి కుడిచెయ్యి పడిపోయింది. అక్కయ్య ఫోనులో ఏడవలేదు. “ఒకసారి రారా తమ్ముడూ” అన్నది, అంతే. మేనల్లుడి పెళ్ళికని అంతకుముందే తీసుకున్న వీసా ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఏమయ్యేదో.

దిగేసరికి ఊరంతా తెల్లగా ఉంది. మంచు అందంగా ఉంటుందని రాసేవాళ్ళెవరూ అందులో ట్రాముకోసం నిలబడి ఉండరని నా అనుమానం. రోజూ కాలేజ్ వీధిలో ఎర్ర ట్రాము దిగి, యూనివర్సిటీ ఎవెన్యూ పట్టుకుని నడిచేవాళ్ళం. అక్కడ ఇటు చూసినా ఆసుపత్రే, అటు చూసినా ఆసుపత్రే. మన గుంటూరు కొత్తపేటను తీసుకువెళ్ళి, మేడలు పెంచి, మంచులో నిలబెట్టినట్టుంటుంది. 1921లో ఇన్సులిన్ కనిపెట్టింది ఈ ఊళ్ళోనే. పదిహేనేళ్ళుగా చక్కెర జబ్బుతో వేగుతున్న మా బావ, “నాకు మందు పుట్టిన ఊళ్ళోనే నేనూ పడ్డాను చూడవోయ్” అన్నాడు. మాట కాస్త ముద్దగా వచ్చింది గాని, వెటకారం చెక్కుచెదరలేదు.

సాధన గదిలోకి వెళ్ళగానే ఇది ఆసుపత్రా, తిరనాళ్ళా అనిపించింది. ఒక మూల ఒక పెద్దమనిషి కళ్ళకి పెట్టెలాంటిది తగిలించుకుని గాలిలో పళ్ళు కోస్తున్నాడు. పడిపోకుండా ఆయన నడుముకి పటకా బిగించి, ఒకమ్మాయి వెనక పట్టుకుని ఉన్నది. నేనూ అడిగి ఆ పెట్టె పెట్టుకున్నాను. గది మాయమైంది! ఎదట తోట, చేతికందేంత దూరంలో నారింజలు. కోయబోతే చెయ్యి కుర్చీకి కొట్టుకుంది, కళ్ళు తిరిగాయి.

బావకి మాత్రం పాతదిచ్చారు. 2006లో జపానువాళ్ళు పిల్లలకోసం, పెద్దలకోసం వదిలిన నింటెండో వీ అనే ఆట. చేతిలో పట్టుకున్న కర్ర ఎటు కదిలితే ఆ కదలికను పసిగట్టి, తెరమీద బంతిని అలా నడుపుతుంది. పట్టులేని చేతికి ఆ కర్రను పట్టీతో కట్టారు.

చచ్చిపోయిన మెదడు మళ్ళీ బతకదు. దాని పక్కనున్నది ఆ పని నేర్చుకోవాలి. ఒకటే కదలిక వందలసార్లు చేస్తే గాని నేర్చుకోదు, అందులోనూ మొదటి నెలల్లోనే ఎక్కువ నేర్చుకుంటుంది. చెయ్యి ఎత్తండి, దించండి అంటే పదోసారికి ఎవరికైనా విసుగే. అందుకే ఆట.

అయితే మా బావ సంగతి వేరు. రెండోనాటికే ఆయన ఒక కిటుకు కనిపెట్టాడు. మోచెయ్యి చాపకుండా ఒళ్ళంతా ముందుకు ఊపితే చాలు, బంతి దొర్లుతుంది! సాధన చేయించే అమ్మాయి నవ్వి, ఆయన భుజాన్ని కుర్చీ వీపుకి ఆనించి పట్టుకుంది. “తెరకి మోసం తెలియదు, నాకు తెలుసు” అన్నది. బంతి కదలలేదు. బావ ముఖం చూడలేక నేను కిటికీవైపు తిరిగాను.

బయటికి వచ్చాక ఆ అమ్మాయిని అడిగాను, ఈ యంత్రంవల్ల నిజంగా గుణం ఉంటుందా అని. ఆమె ఏమీ దాచలేదు. ఆ ఊరి డాక్టరు సపోస్నిక్ గారు 2010లో 22 మందిమీద చూస్తే వీ ఆడినవాళ్ళే మెరుగనిపించింది. తరువాత కెనడా, అర్జెంటీనా, పెరూ, థాయిలాండు దేశాల్లో 141 మందిమీద పరీక్ష జరిపి 2016లో ప్రకటించారు. సగంమందికి వీ, తక్కినవారికి పేకాట, బింగో, కొయ్యముక్కల ఆట, బంతాట. రెండు వారాల్లో పదిసార్లు, గంటేసి చొప్పున. రెండు జట్లూ బాగుపడ్డాయి, వీ జట్టుకి అదనంగా ఒరిగిందేమీ లేదు.

మరి గది నిండా ఈ సరంజామా ఎందుకన్నాను. మామూలు సాధన మానిపించి ఆట పెడితే లాభం లేదు, దానికి తోడుగా పెడితే చెయ్యి కదిలే గంటలు పెరుగుతాయి, మాకు కావలసింది ఆ గంటలే, అన్నది. అనేక పరీక్షలు కలిపి చూసినవారు 2017లో తేల్చిందీ సుమారుగా ఇదేనని ఇంటికి వచ్చాక చదివాను.

ఈ మాటల్లో బావ చెవికి ఎక్కింది ఒక్కటే. “పేకాటా? డాక్టర్లే చెప్పారా?” అన్నాడు అక్కయ్యకేసి చూస్తూ.

ఇక్కడ పాఠకులకి ఒక ఇంటిగుట్టు చెప్పక తప్పదు. తెనాలిలో ఉన్న రోజుల్లో బావ జీతం చాలాభాగం క్లబ్బులోనే దిగబడేది. ముప్ఫయ్యేళ్ళ కిందట దేశం దాటింది ఉద్యోగంకోసమని అందరికీ చెప్పినా, పేకకి దూరంగా తీసుకుపోవాలన్నది అక్కయ్య పంతం. అప్పటినుంచీ ఆ ఇంట్లో పేకకట్ట అడుగుపెట్టలేదు.

మర్నాడు ట్రాము దిగాక అక్కయ్య నన్ను ఆగమని, ఒక్కతే కొట్లోకి వెళ్ళి వచ్చింది. మాట్లాడకుండా బావ మంచం బల్లమీద రెండు కట్టలు పెట్టింది. “డబ్బుకి కాదు” అన్నది.

ఆ సాయంత్రం నుంచి ముగ్గురం రమ్మీ. ముక్కలు ఎడమచేత్తో పట్టుకోవచ్చు, తియ్యటం వెయ్యటం మాత్రం కుడిచేత్తోనే. అది అక్కయ్య పెట్టిన నిబంధన. ఒక్క ముక్క వెయ్యటానికి బావకి నిమిషం పట్టేది. బొటనవేలు జారేది. అయినా ఆటకి గంట చాలదని పోట్లాడేవాడు. బంతి ఎన్నడూ అన్నిసార్లు దొర్లించలేదు.

నేను బయలుదేరే ముందురోజు తనే కలుపుతానన్నాడు. కట్ట చేతిలోంచి జారి, నాలుగు ముక్కలు దుప్పటిమీద పడ్డాయి. అక్కయ్య వంగబోతే “ఉండవే” అన్నాడు. రెండు తీశాడు. తక్కిన రెండూ అక్కయ్యే తీసింది.