కాలిక్రింది నాదము

వీణకు వైణికుడు చెల్లించు వెల న్యాయమైనదని నేనెప్పుడును ఒప్పుకొందును. బొబ్బిలి ప్రాంతమున కుండయు దండియు విడిగా చేసి అతుకక ఒకే పనసమ్రానునుండి తొలిచిన ఏకాండి వీణ మూల్యములో చెట్టు పెరిగిన యేండ్లును, కొయ్య యారిన కాలమును, మైనముపై మెట్లను శ్రుతికి సరిగా నిలిపిన చేతి నేర్పును చేరియుండును. వీనిలో దేనిని తగ్గించినను నాదమున ఆ లోటు వినవచ్చును. గిటారు విషయమునను కొంతవరకు ఇదే న్యాయము. కాని ఎలక్ట్రిక్ గిటారు వాయించువాని పాదములయొద్ద నేలపై నమర్చియుండు చిన్న పెట్టెల సంగతి వేరు. పెడలని వ్యవహరింపబడు ఆ పెట్టె గిటారునకును ఆంప్లిఫయరునకును నడుమ నిలిచి, కాలితో మీట నొక్కినంతనే తీగనుండి వచ్చు విద్యుత్సంకేతమును మార్చి, నాదమును ఒకప్పుడు గరగరలాడించును, ఒకప్పుడు ప్రతిధ్వనింపజేయును, మరియొకప్పుడు మెల్లగా ఊగించును. ఇందు కొయ్య లేదు, వయస్సు లేదు. లోపలనున్నవి అంగళ్లలో గుప్పెళ్లకొలది దొరకు రెసిస్టరులు, కెపాసిటరులు, ట్రాన్సిస్టరులు. వెలకును నాదమునకును వీణయందున్న బంధము ఇక్కడ చాలవరకు తెగిపోయినది. కావున తక్కువ వెల పెడలును, డబ్బు చాలనివాడు విధిలేక తెచ్చుకొను వస్తువుగా చూచుట నాకు సమ్మతము గాదు. ఈ విద్య పుట్టుకయందే చౌకతనము కలదని నా విశ్వాసము.

ఆ పుట్టుక కథ వినదగినది. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ని అమెరికాలోని నాష్‌విల్ నగరమున ముద్రించుచుండగా, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు స్వరము, మిక్సింగు బల్లలో ఒక మార్గము చెడియుండుటచే, నునుపు పోయి, చీలి, బొంగురుగా వినవచ్చెను. దానిని తొలగింపక పాటలో నిలుపుకొనిరి. పాట జనుల మెప్పు పొందెను. పిదప ఇతరులును ఆ ధ్వనియే కావలెనని అడుగసాగిరి. అప్పుడు ఆ ముద్రణ చేసిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్ అను నతని తోడ్పాటుతో, ఆ లోపమునే బుద్ధిపూర్వకముగా పుట్టించు సర్క్యూటు నొకదానిని కల్పించెను. గిబ్సన్ సంస్థ దానిని 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ అను పేర అంగళ్లలోనికి తెచ్చెను. కొంతకాలము దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్, ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో బాకాలు పలుకవలసిన వరుసను, అవి వచ్చునంతవరకు గుర్తుగా నుండుటకై, ఈ పెడలుతో వాయించి యుంచెను. బాకాలు రానేలేదు, తాత్కాలికముగా నుంచిన ఆ గరగరయే ప్రపంచమంతటను మారుమ్రోగెను. అంతకు ముందే, 1964లో, లండనునందు కింక్స్ బృందపు డేవ్ డేవీస్ తన చిన్న ఆంప్లిఫయరులోని స్పీకరు కాగితమును బ్లేడుతో కోసి ఇట్టి ధ్వనినే సాధించియుండెను. ఒక బ్లేడు వెల యెంత!

లోపల జరుగు పనిని కొంచెము నిదానముగా చూతము. తీగ కంపించునపుడు పుట్టు సంకేతము ఎత్తుపల్లములు గల మెత్తని తరంగము. దానిని పెంచి, పెంచి, ఒక హద్దు దాటి పైకి పోనీయకుండ అడ్డగించినపుడు శిఖరములు తెగి తరంగము చదునగును. అట్లు చదునైన తరంగమున మూలస్వరముతోబాటు దానికి మూడింతలు, ఐదింతలు పౌనఃపున్యము గల అనుస్వరములు బలముగా తలయెత్తును. చెవికది నిండుతనముగను, కొంత కోపముగను తోచును. ఆ అడ్డగించు పనిని రెండు సిలికాన్ డయోడులు చేయగలవు: సుమారు 0.6 వోల్టులు రాగానే తెరచుకొని, అంతకు మించినదానిని ప్రక్కకు మళ్లించుటయే వాని వృత్తి. 1978లో జపానునందు బాస్ సంస్థ వెలువరించిన నారింజవన్నె డీఎస్-1 పెడలు ప్రాణము ఈ డయోడుల జంటలోనే కలదు. నేటికిని అది తయారగుచు, అమెరికాలో వంద డాలర్లకు లోపుననే దొరకుచున్నది. నిర్వాణ బృందపు కర్ట్ కొబేన్ పాదముల ముందు నిలిచినదియు, జో సాట్రియాని వంటి విద్వాంసుడు వాడినదియు ఆ పెడలే.

మన సంగీతము విని పెరిగిన చెవికి ఇందులో వింత లేదు. తంబురాలో తీగకును, తీగలు మోపియుండు గుర్రమునకును నడుమ ఉంచు జీవాళి ఒక పోగు మాత్రమే. ఆ పోగు లేకున్నను తంబురా మ్రోగును గాని, నాదము పలుచనై త్వరగా అణగిపోవును. పోగును వెండ్రుకవాసి ముందుకు వెనుకకు జరిపి, తీగ గుర్రమును రాచుకొను చోటు కుదిరినపుడు అనుస్వరములు విచ్చుకొని గదియంతయు నిండును. కచేరీకి ముందు గాయకుడు తలవంచి, చెవియొగ్గి, అంత శ్రద్ధతో జరుపునది ఆ పోగునే. తీగ స్వేచ్ఛను స్వల్పముగా అడ్డగించి స్వరసంపదను పెంచు ఇట్టి యుక్తియే డయోడునందును పనిచేయుచున్నది. జీవాళి వెల యెంతయని ఎవరును అడుగరు. కుదిరినదా యని అడుగుదురు. పెడలునుగూర్చియు అడుగవలసినది అదియే.

పూర్వపు ప్రసిద్ధమైన పెడళ్లను విప్పి చూచినను ఈ సంగతియే తేటపడును. 1966లో లండనునందలి ఆర్బిటర్ సంస్థ చేసిన ఫజ్ ఫేస్‌లో రెండే ట్రాన్సిస్టరులు. తక్కిన భాగములన్నియు కలిపినను ఒక అరచేతిలో ఇముడును. గుండ్రని ఆ పెట్టె రూపము సైతము మైకు నిలుపు కడ్డీ యడుగు దిమ్మెను చూచి తీసికొన్నదే. గిటారు విద్వాంసుడు జిమీ హెండ్రిక్స్ వాదనమున మనము విను దట్టపు నాదములో ఎంతో భాగము ఆ రెండు ట్రాన్సిస్టరుల గుండ ప్రవహించినది. 1979 నాటి ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్‌లోని 4558 చిప్పు ఆ కాలపు సామాన్య శబ్దపరికరములలో విరివిగా వాడబడిన సరుకు. గిటారు వాదకుడు స్టీవీ రే వాన్ చేతులలో ఆ పెడలు టెక్సాస్ బ్లూస్ సంగీతపు గళమైనందున తొలినాటి పెట్టెల వెల నేడు ఎంతో పెరిగినది. చిప్పు మాత్రము నాటివలెనే చౌక.

ప్రతిధ్వనిని పుట్టించు డిలే పెడళ్ల చరిత్ర ఇంకను మనోహరము. పూర్వము దీనికి టేపు యంత్రములు కావలసియుండెను; అవి బరువైనవి, వెలగలవి, టేపు అరిగినపుడెల్ల మార్చవలసినవి. 1969 ప్రాంతమున ఫిలిప్స్ పరిశోధనాలయమువారు ఒక యుక్తి కనుగొనిరి: అనేక కెపాసిటరులను ఒక చిప్పులో వరుసగా నిలిపి, గడియారపు ప్రతి టిక్కునకును ఒకదానిలోని విద్యుత్తును ప్రక్కదానికి అందింపజేయుట. ఊరిలో ఇల్లంటుకొన్నపుడు నూతినుండి ఇంటిదాక బారులుదీరిన జనులు బిందెలందించుకొనునట్లు సంకేతము ఒక కొసనుండి మరియొక కొసకు నడచును. ఆ నడకకు పట్టిన కాలమే ప్రతిధ్వనికి కావలసిన ఆలస్యము. దారిలో కొంత తొణికి పోవుటచే ధ్వని మసకబారును, ఆ మసకయే వాద్యకారుల మనసు దోచినది. ఆ చిప్పులు అరుదైన దినములలో, తైవానునందలి ప్రిన్స్‌టన్ టెక్నాలజీ సంస్థ కరోకే యంత్రములలో పాటగాని గొంతునకు ప్రతిధ్వని చేర్చుటకై చేసిన పీటీ2399 అను డిజిటల్ చిప్పు పెడళ్లు చేయువారి కంటబడెను. నేడు లెక్కకు మిక్కిలియైన చౌక డిలే పెడళ్లకు అదియే హృదయము. ఆలస్యము సెకనులో మూడవవంతును దాటినకొలది దాని స్వరము మబ్బుపట్టి, రొద పెరుగును. ఇంజనీరు దృష్టిలో అది దోషమే. కాని తిరిగివచ్చు స్వరము మొదటిదానికంటె మసకగా నుండినపుడు అది ఒదిగి వెనుక నిలిచి మొదటిదానికి చోటిచ్చును. అంతే స్పష్టముగా తిరిగివచ్చినపుడు రెండును ఒకదానినొకటి త్రోసికొనును. వెలగల డిలే పెడళ్ల స్వచ్ఛతను నేను గౌరవింతును. నెమ్మదిగా సాగు గీతమునకు మాత్రము ఈ మసక చిప్పునే కోరుకొందును.

వెల యెంత విపరీతముగా పెరుగగలదో తెలియగోరువారు క్లాన్ సెంటార్‌ను చూడవలెను. అమెరికాలో బిల్ ఫిన్నెగన్ అను నతడు చిరకాలము శ్రమించి 1994లో వెలువరించిన, నాదమును గరగరలాడించు ఓవర్‌డ్రైవ్ పెడలది. సర్క్యూటు పరుల కంటబడకుండ దానిపై నల్లని రెసిన్ పోసి కప్పెను. చేసినవి కొన్ని వేలు మాత్రమే. తయారీ నిలిచిన పిమ్మట అవి చేతులు మారుచు వేల డాలర్ల వెలకెక్కినవి. రెసిన్ తొలగించి చూచినవారికి అమరికలోని తెలివి కానవచ్చినది, భాగములు మాత్రము చాలవరకు అందరెరిగినవే. ఆ తెలివికి నమస్కరింతును. దానికి తగిన ప్రతిఫలము కల్పించినవానికి ముట్టవలెననియు కోరుదును. కాని చేతులు మారినపుడు పెరిగిన సొమ్ము మధ్యవారిదే గాని ఆయనది గాదు. నేడా సర్క్యూటు ననుసరించి చేసిన పెడళ్లు అతిస్వల్పమూల్యమునకు దొరకుచున్నవి; డ్రమ్ములు తోడుగా మ్రోగుచుండగా రెండింటిని వేరుచేసి చెప్పగల చెవులు మిక్కిలి కొలది. అనుకరణలో మూలకర్త పేరును, ముఖమును సైతము హరించువారిని నేను సమర్థింపను. ఋణమును చెప్పుకొని, తన పెట్టెకు తన రూపమిచ్చి అమ్ముకొనువానిని తప్పుపట్టను.

చౌకతనమువలన కలుగు మేలులలో నాకు అన్నిటికంటె ప్రియమైనది సాహసము. బాస్ సంస్థ 1983లో హెవీ మెటల్ వాద్యకారులకై హెచ్‌ఎమ్-2 అను నల్లని పెడలును చేసెను. దానికి నాలుగు మరలు. వానిని మితముగా త్రిప్పి వాడుటయే దానిని చేసినవారి ఉద్దేశము. 1991లో దాని తయారీ నిలిచినది. ఈలోపల స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ నగరమున, చేతిలో సొమ్ము లేని కొందరు పడుచువారు ఆ పెడలును తెచ్చుకొని, నాలుగు మరలను చివరిదాక త్రిప్పి వాయించిరి. సన్‌లైట్ స్టూడియోలో థామస్ స్కోగ్స్‌బర్గ్ ముద్రింపగా, ఎంటూమ్డ్ బృందపు ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ 1990లో వెలువడెను. అందలి గిటారు ధ్వనిని విన్నవారందరును రంపపు కోత యనిరి. ఆ పేరు ఆ సంప్రదాయమునకు నిలిచిపోయినది. దాదాపు ముప్పది యేండ్లకు, కోరువారి ఒత్తిడి చూచి, అదే సంస్థ ఆ పెడలును మరల చేయవలసి వచ్చెను. ఏ నిపుణుడును ఇట్లు వాడుమని చెప్పియుండడు. అపురూపమైన వస్తువును చేతబట్టినవాడు దానిని ఎట్లు వాడవలెనో ముందుగా పెద్దలనడుగును. చౌకవస్తువును తెచ్చుకొన్న కుర్రవాడు తన చెవినే అడుగును. ఆ బిడ్డలు కొత్త సంగీతమును కనుగొనుటకు చెవియు, వెరపులేమియు తోడ్పడినవి. ఆ వెరపులేమిని కొంత వారికి కొనియిచ్చినది ఆ పెడలు యొక్క తక్కువ వెల.

దోషములు లేవని కాదు. ప్లాస్టిక్ పెట్టెలు పాదము బరువునకు ఎల్లకాలము నిలువవు. తీగలు గ్రుచ్చు రంధ్రములను సర్క్యూటు పలకకే నేరుగా అతికించుటచే లాగుళ్లకు అతుకులు వదులగును. మీటలు కొంతకాలమునకు మొండికేయును. బాస్ సంస్థ నిలిపివేసిన ఎఫ్‌జెడ్-2 అడుగుజాడలలో వచ్చిన బెరింజర్ ఎస్‌ఎఫ్300 ధ్వనిలో ఎంత ఉద్ధతమో, పెట్టెలో అంత సుకుమారము. ఇంట వాయించుకొనువానికి ఇది బాధ గాదు. ఊరూర తిరుగువానికి బాధయే. రొద చేయుచున్నదని పెడలును నిందించుటకు ముందు దానికి విద్యుత్తునిచ్చు అడాప్టరును పరీక్షింపవలెను; చాల చోట్ల బుసబుసకు కారణము అదియే. పెడళ్లలో పెక్కింటికి 9 వోల్టులు, నడుమ సూదికి ఋణధ్రువము. దీనిని తలక్రిందుచేసినచో మంచి పెడలును పాడగును.

ఇక విప్పి చూచుట యను భాగ్యము కలదు. వేల రూపాయలు పోసి కొన్నదానిని ఎవడును స్క్రూడ్రైవరుతో సమీపింపడు. చౌక పెడలును విప్పి, రెండు డయోడులను తీసి, వాని స్థానమున ఎల్‌ఈడీలను అతికించినచో, తరంగమును అడ్డగించు హద్దు పైకి జరిగి, స్వరము తెరచుకొని గట్టిపడును. జెర్మేనియం డయోడులుంచినచో హద్దు క్రిందికి దిగి స్వరము ముందుగానే నలిగి మెత్తబడును. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇట్టి భాగములు కొలది రూపాయలకే లభించును. సోల్డరింగు చేతికి వచ్చిన పిమ్మట రెండు ట్రాన్సిస్టరుల ఫజ్ పెడలును స్వయముగా కట్టుకొనుట కష్టము గాదు. దిగుమతి సుంకమును రవాణా వ్యయమును కలిసి విదేశపు పెడలు వెల మన దేశమున మరింత బరువగుచుండగా, ఈ మార్గము మన యువకులకు మిక్కిలి తగినది. తాను వాయించు ధ్వని ఎక్కడ పుట్టుచున్నదో వ్రేలితో చూపగలుగుట వాద్యకారునకు సామాన్యమైన విద్య గాదు.

కొత్తగా మొదలిడువాడు నన్నడిగినచో, ఒక ఖరీదైన పెడలుకై కూడబెట్టిన సొమ్ముతో గరగరలాడించు ఒక డిస్టార్షన్, ఒక డిలే, నాదమును ఊగించు ఒక కోరస్ తెచ్చుకొమ్మని చెప్పుదును. మూడుండుటలోని లాభము మూడు ధ్వనులతో తీరదు. వరుస మార్చినపుడెల్ల ధ్వని మారును. డిస్టార్షన్ ముందును డిలే వెనుకను ఉంచినచో గరగరలాడు స్వరమే విడివిడిగా, తేటగా మరల మరల వినవచ్చును. వానిని తారుమారు చేసినచో ప్రతిధ్వనులన్నియు కలిసి డిస్టార్షనులో పడి, ఒకదానినొకటి ఒరసికొని, తేటతనము పోయి ఒక పెద్ద గోడగా నిలుచును. చాల పుస్తకములు మొదటి వరుసనే విధించును. రెండవ వరుసను కూడ ఒక సాయంకాలము పూర్తిగా, తలుపు మూసికొని, తొందరపడక వాయించి చూడవలెను.