హక్కు విడుదల దస్తావేజు

ఉమ్మడి ఆస్తిలో తన వాటాను ఒక వారసుడు తోటి వారసులకు వదిలేస్తూ రాసిచ్చే పత్రమే హక్కు విడుదల దస్తావేజు. వాడుకలో రిలీజ్ డీడ్ అంటారు. హిందువు వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు వస్తాయి. ఇల్లు అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా అందరి సంతకాలూ కావాలి కాబట్టి మిగతావాళ్ల చేత ఈ పత్రం రాయిస్తారు.

వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి హక్కును వదులుకునే పత్రం తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. నోటరీ కాగితంతో వాటా పోదు. రిజిస్టరైతే మాత్రం, పదేళ్ల తర్వాత భూమి ధర పెరిగిందని వాటా అడిగినా ఆ సంతకమే అడ్డు నిలుస్తుంది.

ఎక్కువగా నష్టపోయేది ఆడపిల్లలే. దినకర్మలు అయిన కొద్ది రోజులకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్తారు. దస్తావేజు లేఖరి ప్రతి పేజీ కింది మూల మాత్రమే తిప్పి చూపిస్తాడు, సంతకాలు, వేలిముద్రలు పడిపోతాయి. ప్రతిఫలం పూర్తిగా ముట్టిందన్న మాట లోపలి పేజీలో ఉంటుంది. పసుపు కుంకుమ కింద ఎకరం ఇస్తామన్న నోటిమాట ఏ పేజీలోనూ ఉండదు, తర్వాత దాన్ని రుజువు చేయడం చాలా కష్టం. డబ్బు చేతికి రాకముందే వచ్చిందని రాయించుకోవడం తోబుట్టువుకు చేసే అన్యాయం. షెడ్యూలులో సర్వే నంబర్లు, హద్దులు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. "ఇంకెక్కడ ఏ ఆస్తి ఉన్నా" అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయించాలి. తర్వాత బయటపడే ప్లాటు మీద హక్కు కూడా దాంతోనే చిక్కుల్లో పడుతుంది.

తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో పిల్లలకు హక్కే ఉండదు. ముందు ముందు రావచ్చన్న ఆశను బదిలీ చేయడం చెల్లదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. అలాగని ఆ దశలో చేసిన సంతకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తమిళనాడులో ఒక కొడుకు 1975లో ప్రతిఫలం పుచ్చుకుని తండ్రికి విడుదల పత్రం రాసిచ్చాడు. ఆ కొడుకు 1978లో, తండ్రి 1988లో పోయారు. మనవలు వాటా అడిగితే 2023లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డబ్బు తీసుకుని వదులుకున్నవాడి తరఫున వాళ్లూ అడగలేరని తేల్చింది.

మోసంతోనో బెదిరించో రాయించుకున్న పత్రాన్ని రద్దు చేయమని కోర్టుకు వెళ్లవచ్చు. సంగతి తెలిసిన నాటి నుంచి గడువు 3 ఏళ్లే. మైనరు సొంత వాటాను కోర్టు అనుమతి లేకుండా గార్డియన్ వదిలేస్తే, మైనారిటీ తీరాక 3 ఏళ్లలోగా దావా వేయాలి. కోర్టులో రాజీ డిక్రీ అయిన తగాదా అయితే కొత్త దావా కుదరదు, అదే కోర్టులో ఆ రాజీని ప్రశ్నించాలి.