ఉంగా అంటే ఊఁ

మా అక్క మూడు నెలల పాపతో గంటసేపైనా మాట్లాడగలదు. పాప ‘ఉంగా’ అంటుంది. ‘అవునా తల్లీ, ఆ తర్వాత?’ అని అక్క ఆగుతుంది. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉందేమో. పాప వంతు పాపకు వదిలేస్తోంది. మాటలు రాకముందే కబుర్లలో వంతులుంటాయని పిల్లలకు ఇలాగే పట్టుబడుతుంది కాబోలు.

1970లలో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ తల్లుల్ని ఓ కష్టమైన పని చేయమన్నాడు. బిడ్డతో కాసేపు ఆడాలి, తర్వాత కొద్ది నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో ఊరికే చూస్తూ కూర్చోవాలి. పిల్లలు ముందు నవ్వుతారు, చేతులు చాస్తారు, ఏవేవో శబ్దాలు చేస్తారు. అమ్మ ముఖం కదలదు. చివరికి చూపు తిప్పేసుకుంటారు, కొందరు ఏడుస్తారు. అలాంటి వీడియో ఒకటి చూడబోయి మధ్యలోనే ఆపేశాను.

ట్రానిక్ మాటల్లో నాకు ఎక్కువ నచ్చింది మరొకటి. మామూలు తల్లీబిడ్డలకూ అన్నిసార్లూ శ్రుతి కలవదట. నిద్రొస్తోందనుకుంటే ఆకలి, ఆడదామంటే విసుగు. తప్పిపోయి మళ్లీ కలుసుకోవడంలోనే బంధం గట్టిపడుతుందంటాడు.

తల్లే కానక్కర్లేదు. కాళ్లమీద పడుకోబెట్టి లాల పోసే అమ్మమ్మైనా చాలు. అప్పుడే పుట్టిన బిడ్డకు కాస్త స్పష్టంగా కనిపించేది జానెడు, జానెడున్నర దూరమే. ఎత్తుకున్నవాళ్ల ముఖం ఉండేదీ అక్కడే. ఆ జానెడులోకి మా బావ ఫోను దూరుస్తుంటే అమ్మ గొణుగుతుంది. ఈ ఒక్క విషయంలో నేను అమ్మ పక్షం.