ఓడ రాని మూడు రోజులు

ద్వీపమనగా నాలుగు వైపులా నీటిచే చుట్టబడిన భూభాగమని చిన్ననాడు భూగోళ పాఠంలో కంఠస్థం చేసినాము. పరీక్షలో వ్రాసి మార్కులు కూడ తెచ్చుకొన్నాము. ఆ నిర్వచనంలోని 'నాలుగు వైపులా' అనే మాటకు అర్థం బోధపడినది మాత్రం కళాశాల విడిచిన చాలా ఏండ్లకు, అండమానులోని ఒక చిన్న దీవిలో, రేవు మెట్లమీద ఓడకోసం ఎదురుచూస్తూ కూర్చున్న దినాలలో.

మేము నలుగురం ఈ కళాశాల విద్యార్థులమే. ఇద్దరిది తెలుగు తరగతి, ఇద్దరిది ఉర్దూ తరగతి. నలుగురికీ కలిపి ఒకే క్యాంటీను బల్ల. వేసవిలో హంద్రీ ఎండిపోవడమూ, వానలకు తుంగభద్ర పొంగడమూ చూచినవారమే గాని సముద్రంతో మాకు పరిచయం తక్కువ. మాలో ఒకనికి దమ్మాములో ఉద్యోగం కుదిరినది. కాగితాలన్నీ సిద్ధమైనవి, బయలుదేరే తేదీ కూడ నిశ్చయమైనది. ఈలోగా నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్ళి రావాలని అనుకొన్నాము. ఇది మన కడపటి ప్రయాణం కావచ్చునన్న మాట ఎవరి నోటా రాలేదు. అందరి మనసులోనూ ఉన్నది అదే.

అండమాను పేరు తెచ్చినవాడు బ్యాంకులో పనిచేసే మిత్రుడు. అతని తర్కం అంకెల తర్కం. అక్టోబరు మొదలు మే నెల వరకు అక్కడ యాత్రికుల తాకిడి. మే మూడవ వారంలో నైరుతి ఋతుపవనం ముందుగా చేరేది ఆ దీవులకే గనుక, ఆ తరువాత వెళ్ళేవారు తక్కువ. విమానపు టికెట్టు చవక, గది అద్దె చవక. "నిశ్శబ్దం మాత్రం ఉచితం" అని అతడు కాగితంమీద వ్రాసి చూపినాడు. మేము దానికి సంతోషించి సంతకాలు చేసినాము! బక్రీదు పండుగ దాటిన వారానికి చెన్నపట్నం మీదుగా బయలుదేరినాము.

మేము దిగిన పట్టణానికి అప్పటికింకా పోర్ట్ బ్లెయిర్ అనే పేరే ఉన్నది. 2024 సెప్టెంబరులో దానిని శ్రీ విజయపురంగా మార్చినారు. అక్కడి సెల్యులర్ జైలును గూర్చి చదివినవారు చాలామంది ఉంటారు గనుక వర్ణన విడిచిపెడుతున్నాము. కాని ఒక పొరపాటును మాత్రం సవరించుకొన్నాము. 1857 తిరుగుబాటు ఖైదీలు ఆ జైలు గోడల మధ్యనే ఉండినారని మేము అనుకొనేవారము. ఆ కట్టడం మొదలైనది 1896లో, ముగిసినది 1906లో. తిరుగుబాటు ఖైదీలు వచ్చినది 1858 మార్చి నుండి. అప్పుడు అక్కడ జైలు లేదు, ఊరు లేదు, అడవి ఉన్నది. గోడ కట్టవలసిన అవసరం దొరలకు కలుగలేదు. సముద్రమే గోడ.

హైదరాబాదులో 1857 జూలై 17న రెసిడెన్సీపై దాడి నడిపిన ఇద్దరిలో ఒకరు తుర్రెబాజ్ ఖాన్, రెండవవారు మౌల్వీ అలావుద్దీన్. మౌల్వీగారికి ద్వీపాంతరవాస శిక్ష పడినది. మన నేలనుండి ఈ నీళ్ళు దాటి వచ్చిన ఆయన మరల తిరిగి వెళ్ళలేదు. మహా పండితుడైన ఫజ్లే హఖ్ ఖైరాబాదీ కూడ 1861లో ఇక్కడే కన్నుమూసినారు. విడుదల ఉత్తరువు చేతబట్టుకొని కుమారుడు ఓడ దిగేసరికి, ఎదురుగా తండ్రి జనాజా వస్తున్నదని ఒక కథ చెబుతారు. కథో, నిజమో గాని, ఉర్దూ ఎం.ఏ. చేసిన మా మిత్రుడు దానిని చెప్పినప్పుడు దమ్మాము మిత్రుడు ముఖం పక్కకు త్రిప్పుకొన్నాడు. మేము దానిని అప్పుడు అంతగా పట్టించుకోలేదు.

అక్కడినుండి సర్కారు ఓడలో సుమారు రెండు గంటలు ప్రయాణించి షహీద్ ద్వీపం చేరినాము. 2018 డిసెంబరు దాకా దాని పేరు నీల్ ద్వీపం. అలహాబాదులోను కాన్పూరులోను తిరుగుబాటును నెత్తుటితో అణచిన సేనాని నీల్ పేరది అంటారు. అణచినవాని పేరు దీవికి, అణగినవారి సమాధులు పక్క దీవిలో! ఇక ఊళ్ళ పేర్లు మరొక విధం: రామనగర్, సీతాపూర్, భరతపూర్, లక్ష్మణపూర్. తూర్పు బెంగాలునుండి కాందిశీకులుగా వచ్చిన కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన నేల ఇది. ఇల్లు విడిచి అడవికి వెళ్ళినవారి కథలోని పేర్లు ఇల్లు విడిచి వచ్చినవారి ఊళ్ళకు చేరినవి. ఎవరు పెట్టినారో గాని బాగుగా పెట్టినారు.

బస కోసం ఒక బెంగాలీ గృహిణి ఇంటి వెనుక కట్టిన గదులు దొరికినవి. ఆమె రోజుకు వెయ్యి అడిగినది. బ్యాంకు మిత్రుడు, "ఈ కాలంలో ఎవరు వస్తారమ్మా?" అని ఆరు వందలకు తెచ్చినాడు. ఆమె బేరమాడలేదు, తాళపుచెవి ఇచ్చి వెళ్ళినది. మాకు అది విజయంగా తోచినది. ఆ దీవుల వాడుక భాష హిందుస్తానీ. నానాదేశాల ఖైదీలు కలిసి బ్రతికిన కాలంనుండి అదే అందరికీ ఉమ్మడి భాష. మా ఉర్దూ మిత్రుడు దిగిన గంటలోనే ఊరివాడైపోయినాడు. చేపల పులుసూ అన్నమూ గనుక భోజనానికీ చిక్కు లేకపోయినది.

మొదటి రెండు రోజుల నిశ్శబ్దాన్ని ఎట్లు చెప్పాలో తెలియదు. గడియారంలో అయిదు కాకముందే తెల్లవారుతుంది. మన గడియారాలు నడిచే రేఖకు ఆ దీవులు పది డిగ్రీలు తూర్పున ఉన్నవి గదా. లక్ష్మణపూర్ తీరాన నీరు వెనుకకు తీసినప్పుడు పగడపు రాతి గుంటలు బయటపడతవి. ఒక్కొక్క గుంటలో వేలెడు లోతు నీళ్ళు, అందులో నీలిచేపలు, నల్లని సముద్రపు దోసకాయలు. రాతిని సముద్రం తొలిచి చేసిన తోరణం క్రింద నలుగురం నిలబడినాము. చూడవచ్చినవారు మరెవరూ లేరు. వాన రాగానే తడిసినాము, ఆగగానే ఆరినాము. కళాశాల రోజులలో వలె అర్థంలేని మాటలకు గంటలకొద్ది నవ్వినాము.

భరతపూర్ తీరంలో మాత్రం, యాత్రికులకు పగడాలను చూపే గాజుపలక పడవలు వరుసగా ఇసుకమీదికి లాగి ఉండినవి. పైన నీలిరంగు టార్పాలిన్లు. టీ దుకాణాలలో ఒకటి తప్ప అన్నీ మూత. ఆ ఒక్క దుకాణంవాడు మాకు టీ కాచి, మా నాలుగు గ్లాసుల డబ్బే ఆనాటి బోణీ అన్నాడు. సాయంకాలం నాలుగు గంటల వేళ అది. మేము మెచ్చుకొంటున్న నిశ్శబ్దానికి అక్కడివారు పెట్టుకొన్న పేరు వేరని అప్పుడు కొంత అర్థమైనది. కొంతే.

మూడవనాడు పెట్టెలు సర్దుకొని రేవుకు వెళ్ళినాము. ఓడ లేదు. సముద్రం లేచినది, ప్రయాణం రద్దు అన్నారు. రేపు? రేపటి మాట రేపు. మరునాడు వెళ్ళినాము, అదే జవాబు. విమానపు టికెట్లు చేతిలోనే చచ్చిపోయినవి. దానిని సహించవచ్చును. దమ్మాము మిత్రుని లెక్క వేరు. బుధవారం రాత్రి శంషాబాదులో విమానం ఎక్కాలి. దానికి ముందు మూడు రోజులు ఇంట్లో తల్లి దగ్గర ఉండాలని పెట్టుకొన్నాడు. ఆ మూడు రోజులే ఒక్కొక్కటిగా రేవులో కరగిపోతున్నవి.

ఆ సాయంకాలం మా మధ్య రాకూడని మాటలు వచ్చినవి. "నాలుగు రూకలు మిగుల్చుకోవడానికి వానలో తెచ్చి పడవేసినావు" అని ఒకరు. "సంతకాలు ఎవరు చేసినారు?" అని బ్యాంకు మిత్రుడు. దమ్మాము మిత్రుడు మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. అదే మమ్ము ఎక్కువగా బాధించినది.

రేవు మెట్లమీద మాతోపాటు ఎదురుచూచేవారు ఇంకా ఉన్నారు. అరటిగెలలు, కూరల బుట్టలు పెట్టుకొన్న రైతులు. అవి పట్టణపు సంతకు చేరాలి. బడికి వెళ్ళవలసిన ఇద్దరు పిల్లలు. వారిలో ఎవరి ముఖంలోనూ మా కంగారు లేదు. మా గొడవ విని ఒక నడివయసు మనిషి దగ్గరకు వచ్చినాడు. తాపీ మేస్త్రి, శ్రీకాకుళం జిల్లావాడు. ఆ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళాల తరువాత ఎక్కువమంది మాట్లాడేది తెలుగే అని విన్నాము గాని, ఆ మెట్లమీద తెలుగు వినబడగానే ప్రాణం లేచివచ్చినట్లయినది.

"ఏటి బాబూ, బెంగెట్టుకున్నారా? వస్తాది. నేడు రాకపోతే రేపొస్తాది" అన్నాడు. తరువాత, మేము అడుగకుండానే, సముద్రంవైపు చూస్తూ చెప్పినాడు. "నాను ఈడకొచ్చి ఇరవయ్యేళ్ళయినాది. మా యమ్మ పోయిందని కబురొచ్చినప్పుడూ ఇలాగే గాలీ వానా. ఇమానం ఎక్కే తాహతు నేదు. ఈ మెట్లమీదే కూకున్నాను. పదకొండో రోజుకి గాని ఊరు సేరనేదు. అప్పటికి అంతా అయిపోనాది." ఇంత చెప్పి, మా సంచిలోని అగ్గిపెట్టె అడిగి బీడీ ముట్టించుకొని, ఏమీ జరుగనట్లు తన తట్ట దగ్గరకు వెళ్ళిపోయినాడు.

ఆ రాత్రి దీపం పోయినది. చీకటిలో ఉర్దూ మిత్రుడు ముహమ్మద్ జాఫర్ థానేసరీ సంగతి ఎత్తినాడు. 1866లో ఖైదీగా వచ్చి, ఇక్కడే సంసారం ఏర్పరచుకొని, 1883లో విడుదలై తిరిగి వెళ్ళి, ఆ అనుభవాన్నంతా 'కాలాపానీ' అనే గ్రంథంగా వ్రాసినవారు ఆయన. "పదునెనిమిదేండ్లకైనా ఓడ వచ్చినది గదా" అన్నాడు మా మనసు తేలిక చేయడానికి. ఎవరమూ నవ్వలేదు. అప్పుడు దమ్మాము మిత్రుడు నోరు విప్పినాడు. ఇంట్లో ఏడాదికి వస్తానని చెప్పినాడట. కాగితంలో ఉన్నది రెండేండ్లు. నడుమ సెలవు లేదు. తల్లికి చెప్పే ధైర్యం లేక ఆ మూడు రోజులలో ఎప్పుడో ఒకప్పుడు చెప్పవచ్చునని వాయిదా వేస్తూ వచ్చినాడు. "ఇప్పుడు ఆ మూడు రోజులే లేవు" అన్నాడు.

గదిలో ఫోను పలుకదు. రేవు దగ్గర మాత్రం సంకేతం అప్పుడప్పుడు వచ్చిపోతుంది. నలుగురం గొడుగులతో రేవుకు నడిచినాము. అతడు ముందుకు వెళ్ళి మాట్లాడినాడు. మేము దూరంగా నిలబడినాము. అలల హోరులో మాకు ఏమీ వినబడలేదు. తిరిగి వచ్చిన తరువాత చాలాసేపటికి చెప్పినాడు: అంతా విని ఆమె కొంచెం సేపు మాట్లాడలేదట. తరువాత "ఖానా ఖాయా?" అని మాత్రం అడిగినదట.

సోమవారం ఉదయం ఓడ వచ్చినది. బ్యాంకు మిత్రుడు గృహిణి దగ్గరకు వెళ్ళి, అన్ని దినాలకూ రోజుకు వెయ్యి చొప్పున లెక్కకట్టి ఇచ్చినాడు. ఆమె తీసుకొని, రెండుసార్లు ఎంచి, కొంగున ముడివేసుకొన్నది. వద్దనలేదు, అనవలసిన పని కూడ లేదు. మేస్త్రి ఆ ఓడలోనే వచ్చినాడు గాని పట్టణంలో దిగగానే జనంలో కలిసిపోయినాడు. పేరైనా అడుగలేదని తరువాత గుర్తుకు వచ్చినది.

మంగళవారం కొత్త టికెట్లతో చెన్నపట్నం చేరి, రాత్రి బస్సు పట్టుకొన్నాము. బుధవారం తెల్లవారుజామున మా ఊరి బస్టాండు. రాత్రికి విమానం గనుక అతనికి ఇంటిదగ్గర ఒక్క పూట మిగిలినది. బస్సు ఆగకముందే చూచినాము: చీకటి విడని ఆ వేళలో, టీ బండి దీపం క్రింద, బురఖాపై శాలువ కప్పుకొని ఆమె నిలబడి ఉన్నది. చేతిలో మూడంతస్తుల టిఫిను క్యారియరు. మేము పైనుండి పెట్టెలు దించి, సలాము చెప్పి, కొంచెం పక్కకు తొలగి నిలబడినాము.