చన్నీళ్ల స్నానం, పుణ్ణిక ప్రశ్న

జనవరిలో తెల్లవారుజామున జంషెడ్‌పూర్ కుళాయి నీళ్లు ఎముకలు కొరికేస్తాయి. మా యోగ సాధనలో ఆ నీళ్లతో స్నానం కూడా ఒక భాగం. మేమంటే ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారానికి పనికొచ్చినవారి మనుమలం, మనుమరాళ్లం. త్రిశరణ పంచశీల చెప్పుకుని, ఆసనాలు వేసి, కాసేపు ఆనాపానసతి చేసి, ఆపైన షవర్ కింద నిలబడతాం.

మొదటి చుక్క పడగానే ఊపిరి ఎగదన్నుతుంది, గుండె వేగం పెరుగుతుంది. పారిపోకుండా ఆ ఊపిరినే గమనిస్తూ నిలబడితే కాసేపటికి అది కుదుటపడుతుంది. చలి చలిగానే ఉంటుంది, కంగారు మాత్రం తగ్గుతుంది. చన్నీళ్ల వల్ల మాకు దక్కే లాభం ఇంతే. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారికి ఆ మొదటి అదురే ప్రమాదం. అందుకే మాలో పెద్దవారు గోరువెచ్చని నీళ్లే పోసుకుంటారు.

ఈ మధ్య కొత్తగా చేరిన ఒక తమ్ముడు అడిగాడు: "వేడినీళ్లు పోసుకుంటే శుద్ధి ఎలా అవుతుందన్నా?"

శుద్ధి! ఆ మాట మన తాతముత్తాతలను ఎన్ని బావుల దగ్గర దూరంగా నిలబెట్టిందో మనకు తెలుసు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వాన మనవాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత సవర్ణులు పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కుండలకొద్దీ పోసి ఆ చెరువును 'శుద్ధి' చేశారు. మనిషి తాకితే మైలపడిన నీళ్లు పేడ కలిస్తే బాగుపడ్డాయట!

ఈ శుద్ధిని బుద్ధుని కాలంలోనే ఒక దాసి నిలదీసింది. థేరీగాథలోని పుణ్ణిక నీళ్లు మోసే మనిషి. యజమానురాళ్లు కొడతారని, తిడతారని భయపడి చలికాలంలోనూ ఏటిలోకి దిగేది. అదే ఏటిలో పాపం కడుక్కోవాలని వణుకుతూ మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి చూసింది. నీళ్లతోనే పాపం పోతే కప్పలూ తాబేళ్లూ మొసళ్లూ అన్నీ స్వర్గానికే పోవాలి కదా అని అడిగింది. ఏరు పాపాన్ని కొట్టుకుపోతే పుణ్యాన్నీ కొట్టుకుపోదా అని కూడా అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. చివరికి త్రిశరణం తీసుకున్నాడు.

తథాగతుడు వేడిని తప్పనలేదు. భిక్షువులు జబ్బుపడుతున్నారని వైద్యుడు జీవకుడు విన్నవిస్తే చంక్రమణానికీ, వేడి స్నానశాలకూ అనుమతి ఇచ్చాడని వినయపిటకం చెబుతోంది. కఠోర తపస్సులో చలికి ఒళ్లు అప్పగించి, అది దారి కాదని తేల్చుకున్న తర్వాతే ఆయన మధ్యమ మార్గం చెప్పాడు. యోగం పేరు చెప్పి చన్నీళ్లను వ్రతం చేసేవారికి ఇంకో మాట: హఠయోగ ప్రదీపిక కూడా సాధకుడు మానుకోవలసిన వాటిలో ప్రాతఃస్నానాన్ని, ఉపవాసాన్ని, శరీరాన్ని హింసించే పనులను చేర్చింది.

తమ్ముడికి మేము ఇదే చెప్పాం. చన్నీళ్లు ఒంటికి, శీలం నడతకు. ఒకటి రెండోదాని పని చేయదు. రోజూ చన్నీళ్లు పోసుకుని ఇంట్లోవాళ్ల మీద అరిస్తే కడిగింది చర్మాన్నే.

ఏటి ఒడ్డున ఆ రోజు వణికినవారు ఇద్దరు. బ్రాహ్మణుడు కోరి దిగాడు, పుణ్ణికకు తప్పక దిగింది. ఈ తేడాను మన ఇళ్లలోనూ చూడాలి. షవర్ కింద మన రెండు నిమిషాల చలి మనం ఎంచుకున్నది. బస్తీ నుంచి వచ్చి అంట్లు తోమే అక్క చేతులకు అదే చలి గంటసేపు, అదీ జీతం కోసం. అందుకే ఈ చలికాలం మా ఇళ్లలో గీజర్ వేడినీళ్లు ముందు అంట్ల తొట్టికి వెళ్తున్నాయి. మిగిలితే మా స్నానానికి, మిగలకపోతే చన్నీళ్లు ఎలాగూ మాకు అలవాటే.